బాబీన్ టీచరు ఫెయిల్ చేసిన లాయరు

బాబీన్ టీచరుకి ముక్కు మీద కోపమని మా ఊరు రిన్‌డూలో అందరూ అంటారు. శుద్ధ తప్పు. ముక్కు మీద కోపం వచ్చినంత తొందరగానూ పోతుంది. ఈవిడది కడుపులో కోపం. ముప్ఫై ఏళ్ళు దాచుకున్నా చెక్కుచెదరదు.

మొన్నామధ్య, లాయరు కావాలంటే ఐరిష్ భాషలో పరీక్ష పాసవ్వాలన్న పాత చట్టాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. రేడియో వాళ్ళు ఎక్కడో వెతికి పట్టుకుని బాబీన్‌కి ఫోన్ చేశారు. "ఇన్నేళ్ళు ఆ పరీక్ష కోసం పోట్లాడారు కదా మేడమ్, ఇప్పుడు బాధగా ఉందా?" అని అడిగారు. "ఉన్నన్నాళ్ళూ బాధపడ్డానమ్మా, పోయాక కూడా ఎందుకూ?" అని ఫోన్ పెట్టేసింది. రేడియో పిల్ల బిత్తరపోయి ఉంటుంది పాపం. ఆ మాట అర్థం కావాలంటే ముందు బాబీన్ వాళ్ళ నాన్న సంగతి తెలియాలి.

వాళ్ళ నాన్న పేరు కోల్. మా వైపు ఇంటిపేర్లు కాగితాల మీదే ఉంటాయి; మనిషిని తండ్రి పేరుతో కలిపి పిలుస్తాం. అందుకే ఆమె ఇవాళ్టికీ మాకు కోల్ బాబీన్. కోల్‌ది సముద్రపు నాచు కోసే పని. మా వైపు కొనమారా తీరమంతా బండరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య గుప్పెడు మట్టిలో బంగాళదుంప పండాలంటే నాచే ఎరువు. ఆటు బాగా దిగిన రోజున మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి కొడవలితో కోస్తారు. కోసిందంతా పెద్ద మోపుగా తాడుతో చుట్టి, పోటు రాగానే దాని మీదే నిలబడి గడకర్రతో ఒడ్డుకి తోసుకొస్తారు. కోల్ అలా వస్తుంటే పడవ మీద వస్తున్నంత దర్జాగా ఉండేదని పెద్దవాళ్ళు చెప్పేవారు. అతను కోసుకునే తీరం ముక్క ఇంటి కిందనే ఉండేది. చిన్నదే. ఆ ఇంటి పొయ్యి వెలిగింది దానితోనే.

బాబీన్‌కి పన్నెండో ఏడు నడుస్తుండగా, ఊళ్ళో కొట్టు నడిపే మాన్యన్ ఆ తీరం పైనున్న పొలం కొన్నాడు. పొలంతోపాటు కింది తీరం కూడా తనదేనని కోర్టుకెక్కాడు. కోర్టంటే నెలకోసారి మా డాన్సు హాల్లోనే జరిగేది. కోల్ తరఫున స్కాహిల్ అనే లాయరు వచ్చాడు. గాల్వే పట్నం మనిషి, మా కొనమారాలో ఆఫీసు పెట్టుకున్నాడు. చొక్కా కాలరు కత్తిలా ఉండేది. హాలు గుమ్మం దగ్గర కోల్‌తో ఇంగ్లీషులో ఏవో నాలుగు మాటలు మాట్లాడాడు. కోల్ నాలుగింటికీ తలూపాడు. "అంతా తేలిగ్గానే అయిపోతుంది" అని లాయరు అతని భుజం తట్టి లోపలికి పోయాడు.

జడ్జి మంచివాడే. ముందే అడిగాడు. "మీ భాషలో చెప్పుకుంటారా? ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చండి" అన్నాడు కోల్.

ఏం వచ్చు? సంతలో కోడెదూడని అమ్మడానికి సరిపడా వచ్చు. కానీ హాలు నిండా జనం, ముందు వరసలో మాన్యన్, అతని భార్య టోపీ. అంతమందిలో నిలబడి రాదని చెప్పడమా! తల తీసేసినట్టుండేది. ఇక మాన్యన్ వైపు లాయరు లేచాడు. ఇంగ్లీషులో, మెత్తగా, వెన్న రాసినట్టు మొదలుపెట్టాడు.

"ఆ రోజుల్లో మాన్యన్ గారి నాన్నగారు ముందుగా పోనీలే అంటేనే కదా మీరక్కడ నాచు కోసుకుంటూ వచ్చింది?"

"అవునండి."

"అది మీ సొంతమని మీరు ఎన్నడూ అనుకోలేదు కదా?"

"అవునండి."

"అయితే ఇకమీదట అక్కడ దిగకుండా ఉండడానికి మీకేమీ అభ్యంతరం లేదు?"

"అవునండి. థాంక్యూ అండి."

హాల్లో మా వాళ్ళెవరూ నవ్వలేదు. అక్కడ నిలబడితే వాళ్ళూ అదే అనేవారు. మా వైపు తాతలనాటి నుంచీ వస్తున్న అలవాటది. కాలరున్న మనిషి ఇంగ్లీషులో ఏదడిగినా అవునండి అనాలి, చల్లగా అక్కణ్ణుంచి జారుకోవాలి. శిస్తు వసూలుకొచ్చిన వాళ్ళ ముందు నేర్చుకున్న బతుకుతెరువు. ఆ అవునండికి అర్థం "నన్ను పోనివ్వండి" అని మాకు తెలుసు. కోర్టుకేం తెలుసు! రాసుకుంది. స్కాహిల్ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒక్కసారి లేచి, నా మనిషికి ప్రశ్న అర్థం కాలేదు అనలేదు. తన మనిషికి ఏం అర్థమవుతోందో అతనికీ తెలియదు మరి.

బయటికొచ్చాక కోల్ టోపీ పెట్టుకుంటూ కూతుర్ని అడిగాడు. "ఏమే బాబీన్, ఏమన్నారు? గెలిచామా?"

బడిలో ఇంగ్లీషు నేర్చిన పిల్ల. అంతా అర్థమైంది దానికి. "ఓడిపోయాం నాన్నా. నువ్వే ఇచ్చేశావు" అంది.

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె తరవాత ఎన్నిసార్లు ఏడ్చిందో! కోల్ మాత్రం ఆ తీరం పేరు మళ్ళీ ఎత్తలేదు. ఊరి వాళ్ళ మోపులకి కూలికి పోయి, కూలివాడుగానే పోయాడు. బడి పంతులు ఒకసారి మాటల్లో చెప్పాడు. లాయరన్నవాడు ఐరిష్ పరీక్ష పాసై తీరాలట, చట్టమట. "మరి స్కాహిల్ ఎలా పాసయ్యాడు?" అంది బాబీన్. పంతులు పైపు వెలిగించుకున్నాడు. ఆ ప్రశ్న ఆమెని పట్టుకుంది. ఆమె దాన్ని పట్టుకుంది.

చదువుకుంది, డబ్లిన్‌లో ఐరిష్ టీచరైంది, పెళ్ళి మాటెత్తితే "ఇప్పుడు తీరిక లేదు" అనేది, జుట్టు నెరిసింది. అప్పుడొచ్చింది పిలుపు. లాయర్ల నోటి పరీక్షకి ఒక పరీక్షకురాలు కావాలి, వస్తారా అని. రానంటుందా? ఆ పరీక్షల పెద్ద లోర్కన్ టియర్నీ. పెద్దమనిషి, నవ్వుమొహం, ఎవరితోనూ తగాదా పెట్టుకోని మనిషి. మొదటి రోజు పొద్దున్నే టీ కలిపి ఇస్తూ పద్ధతి చెప్పాడు.

"పెద్ద పనేం లేదు బాబీన్ గారూ. ఏ ఊరని అడగండి. వాతావరణం ఎలా ఉందని అడగండి. నాలుగు ముక్కలు చెబుతారు. పాస్ అని రాసెయ్యండి."

"చెప్పలేకపోతే?"

"చెబుతారండీ. బట్టీ పట్టుకొస్తారు."

"చెప్పిందే చెబితే?"

"ఎవరైనా చెప్పేది అదేగా!" అని బిస్కెట్ల పళ్ళెం ముందుకి తోశాడు.

నిజమే. శుద్ధ తూతూమంత్రం. ఆ రోజు డబ్లిన్‌లో ఎండ పేలిపోతోంది, కిటికీ తలుపులన్నీ బార్లా తెరిచారు. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, "ఇవాళ వాన బాగా పడుతోందండి" అనే చెప్పాడు. ఎవడికీ కిటికీలోంచి చూసే ధైర్యం లేదు. చూస్తే వాక్యం మార్చాలి, మారిస్తే గోవిందా. మొదటి వాడికి బాబీన్ నవ్వింది. అయిదో వాడికి నవ్వు పోయింది. మధ్యాహ్నమయ్యేసరికి కడుపులో రాజుకోవడం మొదలైంది. అయినా మంచి మాటలతో, ఒకటికి రెండు ప్రశ్నలడిగి, కాస్తో కూస్తో పలికించి అందరినీ పాస్ చేస్తూ వచ్చింది. సాయంత్రం పిలిచిన పేరు జార్లత్ స్కాహిల్.

పేరు వినగానే కలం ఆగిపోయింది. ఇరవై మూడేళ్ళ కుర్రాడు లోపలికొచ్చాడు. అదే కాలరు.

"ఎక్కడ పని చేస్తావు నాయనా?" అని ఐరిష్‌లో అడిగింది. ఇది బట్టీలో ఉన్న ప్రశ్నే. తడుముకోకుండా చెప్పాడు. కొనమారాలో నాన్నగారి ఆఫీసు. అక్కడే.

బాబీన్ బిస్కెట్ల పళ్ళెం పక్కకి జరిపింది. "వాతావరణం సంగతి వద్దులే. నన్ను రిన్‌డూ ముసలాయననుకో. నా తీరం ముక్క పోయేలా ఉంది, నీ దగ్గరకొచ్చాను" అని మొదలుపెట్టి తండ్రి కేసు చెప్పింది. తండ్రి అని చెప్పలేదు. ఊళ్ళో ఎలా మాట్లాడతారో అలాగే, గబగబా.

జార్లత్ నవ్వుమొహం పెట్టుకుని విన్నాడు. మధ్యమధ్య తలూపాడు. ఒక్క ముక్క అందడం లేదని ఆమెకి తెలిసిపోతూనే ఉంది. అప్పుడు మెత్తగా, వెన్న రాసినట్టు అడిగింది.

"అంతా అర్థమైంది కదా?"

"అవునండి."

"ఈ పరీక్షకి నువ్వేమీ చదవలేదు కదా?"

"అవునండి."

"అయితే లాయరు పని వదిలేసుకోడానికి నీకేమీ అభ్యంతరం లేదు?"

"అవునండి. థాంక్యూ మేడమ్."

ఎన్నాళ్ళ నుంచి ఈ క్షణం కోసం చూసింది! గెలిచినట్టుంటుందనుకుంది. ఏం గెలుపు? ఎదురుగా ఉన్నది స్కాహిల్ కొడుకులా లేడు. మెడ మీద చెమట, ఎదుటివాళ్ళని మెప్పించాలని కళ్ళలో ఆరాటం, చేతుల్లో నలిగిపోతున్న టోపీ ఒక్కటే తక్కువ. అచ్చం కోల్. ఇంగ్లీషులోకి మారి, అతను వేటికి అవునన్నాడో ఒక్కొక్కటీ చెప్పింది.

అతని మొహం ఎర్రబడి, తెల్లబడింది. "ఇది మోసం మేడమ్! అందరినీ వాన గురించి అడిగారు, నన్ను మాత్రం..."

"అందరూ నీ ఆఫీసులో కూర్చోరు నాయనా."

"ప్రభుత్వోద్యోగాలకే ఈ షరతు తీసేసి పదేళ్ళవుతోంది. ఎవరికీ అక్కర్లేని పరీక్ష లాయర్లకి మాత్రం ఎందుకు? ఆస్తి చట్టంలో నేను క్లాసులో ఫస్టు. ఆ తీరం కేసు ఇంగ్లీషులో ఇవ్వండి, గెలిచి చూపిస్తా."

"ముసలాయన ఇంగ్లీషులో చెప్పుకోలేడే! ఆయన చెబితేనేగా నువ్వు గెలిచేది?"

"మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది" అన్నాడు కుర్రాడు. "ఆఫీసు తాళం పెట్టి ఉంది. నేను వెళ్ళకపోతే మీ వాళ్ళకి చుట్టుపక్కల లాయరే లేడు. అది మంచిదా?"

ఇది సూటిగా వచ్చి తగిలింది. బాబీన్ కలం చేతిలోకి తీసుకుంది. "లేడని తెలిస్తే మావాళ్ళు గాల్వే పోయి ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. మా మాట తెలిసినవాడు ఉన్నాడని నమ్మి వచ్చారనుకో, అప్పుడు నిండా మునుగుతారు. నీ గోడ మీద ఆ పాస్ కాగితం అబద్ధం చెబుతుంది నాయనా. అది నా చేత్తో రాయను."

రాయలేదు. ఫెయిల్ అనే రాసింది. ఆ పరీక్షలో అంతకుముందు ఎవరైనా ఫెయిలైనట్టు లోర్కన్‌కి జ్ఞాపకం లేదు. పరుగున వచ్చాడు.

"ఏం చేశారండీ బాబీన్ గారూ! ఈ చట్టమే దారప్పోగు మీద వేలాడుతోంది. మనం ఫెయిల్ చెయ్యడం మొదలెడితే పట్టుమని పదేళ్ళు ఉంచరు. పరీక్షని బతికించుకోవాలంటే అందరినీ పాస్ చెయ్యాలి, అర్థం చేసుకోండి."

"అలా బతికేదాన్ని పరీక్ష అంటారా? ఉంచితే నిజంగా ఉంచండి. లేదా ఎత్తేయండి, నేనే వచ్చి చప్పట్లు కొడతా."

"మార్చండి. మీకు పుణ్యముంటుంది."

"మార్చను."

"వచ్చే ఏడాది మిమ్మల్ని పిలవం మరి."

"పిలవకండి. అక్టోబరులో మళ్ళీ రాసేవాళ్ళకి పరీక్ష ఉంది కదా, అది ఈ ఏడాదే. దానికొస్తా."

చెవుల్లో పొగలొచ్చేలా తిట్టారు జనం. పేపర్లలో ఉత్తరాలు. ఐరిష్ మీద ప్రేమ ఉన్నవాళ్ళు పరీక్షకే ఎసరు పెడుతోందని తిట్టారు, లేనివాళ్ళు పిల్లల పొట్ట కొడుతోందని తిట్టారు. ఇన్నేళ్ళలో ఆ రెండు గుంపులూ ఒక్క మాట మీదకొచ్చింది అప్పుడే. బాబీన్ ససేమిరా అంది. రాత్రిళ్ళు నిద్ర పట్టిందా అంటే, పట్టలేదు. ఆ తాళం పెట్టిన ఆఫీసు కళ్ళ ముందు మెదిలేది. తండ్రి మీద పగ కొడుకు మీద తీర్చుకుంటున్నానేమోనని కూడా అనిపించింది. ఆ అనుమానం ఆమెకి నిజంగా గుచ్చుకుంది. అయినా మెట్టు దిగలేదు.

వేసవి సెలవలకి రిన్‌డూ వచ్చేసరికి ఊరంతా ఒకటే ముచ్చట. జార్లత్ స్కాహిల్ మా పేగ్ అత్త ఇంట్లో గది తీసుకున్నాడట. "వానలాయరు" అని పేరు కూడా పెట్టేశారు. పేగ్ అత్త అతనితో ఇంగ్లీషు ముక్క మాట్లాడితే ఒట్టు. ఉప్పు కావాలన్నా ఐరిష్‌లో అడిగితేనే ఇచ్చేది, అడిగేదాకా చప్పటి దుంపలే. మొదటి వారం పాపం చప్పటివే తిన్నాడట.

"నువ్వెళ్ళి పలకరించవే" అంది పేగ్ అత్త బాబీన్‌తో. "బక్కచిక్కిపోతున్నాడు కుర్రాడు."

"నేను పరీక్షకురాలినత్తా. అక్టోబరులో పలకరిస్తా."

"ఎంత రాతిగుండె నీది! అచ్చం మీ నానమ్మే."

"మంచిదేగా" అని నవ్వి ఊరుకుంది బాబీన్. దారిలో ఎదురైతే తలూపేది, అంతే. మాట కలిపితే మెత్తబడిపోతానని భయం.

అక్టోబరు పరీక్షకి ఒక్కడే వచ్చాడు. లోర్కన్ కూడా గదిలో ఒక మూల కుర్చీ వేసుకున్నాడు, మళ్ళీ ఏ కొంప ముంచుతుందోనని. బయట నిజంగానే వాన. జార్లత్ దాని ఊసెత్తలేదు. కాలరు లేని చొక్కా, చేతులు ఎండకి కమిలి ఉన్నాయి.

బాబీన్ అదే కథ ఎత్తుకుంది. రిన్‌డూ ముసలాయన, తీరం ముక్క, కొట్టు మనిషి. వేగం ఏమాత్రం తగ్గించలేదు. ఇంకా చెప్పాలంటే పెంచింది.

"ఆగండి" అన్నాడు జార్లత్ ఐరిష్‌లోనే. "నాకర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

మూలనుంచి లోర్కన్ నిట్టూర్చాడు. బాబీన్ మళ్ళీ చెప్పింది. సగంలో మళ్ళీ చెయ్యెత్తాడు. "ఆ పొలం కొన్నది ఎవరు? పేరు సరిగ్గా వినలేదు." చెప్పింది. "కోర్టులో ఆయన ఏ భాషలో మాట్లాడాడు?" చెప్పింది. అతని వాక్యాలు కుంటుతున్నాయి, మాటలు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ పడుతున్నాయి. కానీ సిగ్గుపడడం లేదు. చెమటలు కక్కుతూ, అర్థమయ్యేదాకా వదలకుండా అడుగుతున్నాడు. అడిగి అడిగి, చివరికి కాగితం మీద నుంచి తలెత్తాడు.

"ఇంతకీ ఆ ముక్క ముసలాయనకి ఎలా వచ్చింది?"

బాబీన్ కలం కింద పెట్టింది. ఆ డాన్సు హాల్లో అందరూ ఏదో ఒకటి అడిగారు. ఈ మాట ఒక్కరూ అడగలేదు. పన్నెండేళ్ళ పిల్ల బెంచీ మీద కూర్చుని, అడుగుతారు, ఇప్పుడడుగుతారు అని చూసింది.

"మా తీరాన్ని ఏటా వసంతంలో ఇంటింటికీ చీట్లు వేసి పంచుకుంటారు" అంది మెల్లగా. "ఎవరి చీటీ వస్తే ఆ ఏడాదికి ఆ ముక్క వాళ్ళది. ఇదొక్కటీ చీట్లలో లేదు. మా తాత అక్కడే నాచు కోస్తుంటే అల లాక్కుపోయింది. మా నాన్న అప్పటికి కడుపులో ఉన్నాడు. ఆ ఏడు చీట్లు వేసే రోజున ఊరంతా గుమిగూడి, ఈ ముక్కని చీట్లలోంచి తీసేసి, మా నానమ్మకి ఇచ్చేశారు. ఆమెకీ, పుట్టబోయే బిడ్డకీ, వాళ్ళ తరవాతి వాళ్ళకీ అని. మొదట చెయ్యెత్తింది కొట్టు మాన్యన్ వాళ్ళ నాన్నే. దయతలచి కాదు. ఒడ్డున నిలబడి అంతా చూసినవాడు కాబట్టి."

గదిలో లోర్కన్ టీకప్పు కింద పెట్టిన చప్పుడు వినబడింది. జార్లత్‌కి ఈసారి మళ్ళీ చెప్పమనాల్సిన పని పడలేదు. 'మా నాన్న' అన్న మాట కూడా వదిలెయ్యలేదు.

"మీ నాన్నగారి తరఫు లాయరెవరు?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. పరీక్ష అయిపోయిందనొచ్చు. బాబీన్ అతని కళ్ళలోకి చూసింది.

"మీ నాన్నగారే."

కుర్రాడు చేతిలో కాగితం మడతపెట్టాడు. "ఆయనకి మాట పడిపోయింది కానీ చెవులు పని చేస్తున్నాయి. ఇంటికెళ్ళి అడుగుతాను" అన్నాడు.

"అడక్కు" అంది బాబీన్. ముప్ఫై ఏళ్ళ కోపం కరిగిపోయింది. "ఆయనకి మా మాట అర్థం కాలేదు, మా నాన్నకి ఇంగ్లీషు అర్థం కాలేదు. ఆ సంగతి ఇద్దరూ చెప్పలేకపోయారు. నువ్వు చెప్పావు. వెళ్ళి ఆఫీసు తాళం తియ్యి నాయనా, పాసయ్యావు."